కొత్త ల్యాప్‌టాప్‌లో వై-ఫై నత్తనడక నడుస్తోందా? రిటర్న్ గడువు దాటకముందే ఇవి చూసుకోండి

ఈ మధ్యే ల్యాప్‌టాప్ కొన్నవాళ్లూ, కొనబోతున్నవాళ్లూ దయచేసి ఇది చదవండి. వై-ఫై సరిగా రావడం లేదని ఫోన్ చేస్తే కస్టమర్ కేర్ వాళ్లు ముందు మీ రౌటర్‌ని తప్పుపడతారు. తర్వాత డ్రైవర్ (వై-ఫై కార్డుని విండోస్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయమంటారు. ఆ తర్వాత విండోస్ మొత్తం రీసెట్ చేయమంటారు. ఒక్కొక్కటీ చేసి, మళ్లీ ఫోన్ చేసి, మళ్లీ మొదటి నుంచి కథంతా చెప్పేలోపు రిటర్న్ గడువు కాస్తా అయిపోతుంది. నాకు సరిగ్గా ఇదే జరిగింది.

బాక్స్ తెరిచిన రోజు నుంచే వీడియో కాల్‌లో మాట ముక్కలు ముక్కలుగా వినిపించేది. చిన్న ఫైల్ పంపాలన్నా చక్రం తిరుగుతూనే ఉండేది. అదే బల్ల మీద, ల్యాప్‌టాప్ పక్కనే ఉన్న ఫోన్‌లో మాత్రం అదే వై-ఫై హాయిగా పనిచేసేది. ఇంకో విచిత్రం, స్క్రీన్‌ని కాస్త వెనక్కి వంచితే స్పీడ్ పడిపోయేది, ముందుకు లాగితే కొంచెం కోలుకునేది. చాలా ల్యాప్‌టాప్‌లలో వై-ఫై యాంటెన్నాలు స్క్రీన్ చుట్టూ ఉండే ఫ్రేమ్‌లో ఉంటాయి. వాటి వైర్లు హింజ్‌లోంచి, అంటే స్క్రీన్ మడిచే కీలులోంచి, కిందికి దిగి లోపలి వై-ఫై కార్డుకు కలుస్తాయి. కాబట్టి స్క్రీన్ కదిపినప్పుడల్లా సిగ్నల్ మారుతోందంటే అనుమానించాల్సింది సాఫ్ట్‌వేర్‌ని కాదు, వైర్‌ని. ఇది ఎన్నిసార్లు చెప్పినా అవతలివైపు నుంచి "రీసెట్ చేశారా సార్?" అనే ప్రశ్నే వచ్చింది.

చివరికి సర్వీస్ సెంటర్‌లో నా ఎదురుగానే వెనక మూత విప్పారు. కార్డు చాలా చిన్నది, 22 మిల్లీమీటర్ల వెడల్పు, 30 మిల్లీమీటర్ల పొడవు. దాని చివర రెండు గుండ్రటి మెటల్ పిన్నులు. ఒకదానికి వైర్ తగిలించి ఉంది. రెండోది ఖాళీ. ఆ రెండో వైర్ పక్కనే నల్ల టేపు కింద పడి ఉంది, దాని కొసన ఉండే చిన్న రింగు నలిగి చప్పగా అయిపోయింది. టెక్నీషియన్ అడిగిన మొదటి మాట, "మీరు గానీ ఓపెన్ చేశారా?"

ఇక్కడే మొదటి రోజు తీసి పెట్టిన స్క్రీన్‌షాట్ పనికొచ్చింది. అందులో లింక్ స్పీడ్, అంటే ల్యాప్‌టాప్‌కీ రౌటర్‌కీ మధ్య కుదిరిన వేగం, 433 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) అని ఉంది. రెండు యాంటెన్నాలున్న వై-ఫై 5 (వై-ఫైలో ఐదో తరం) ల్యాప్‌టాప్ అని వాళ్ల వివరాల పేజీలోనే రాసి ఉంది. అలాంటిది రౌటర్ పక్కన పెడితే 866 చూపించాలి. సగమే చూపించిందంటే లోపం డెలివరీ నాటికే ఉన్నట్టు. దాంతో వాదన ఆగింది. కానీ గడువు దాటిపోయింది కాబట్టి ల్యాప్‌టాప్ మార్చి ఇవ్వలేదు, యాంటెన్నా వైర్ మాత్రమే మార్చారు. ఇప్పుడు 866 వస్తోంది, కాల్స్ కట్ కావడం లేదు. అయినా కొత్త వస్తువుని విప్పి బిగించిన వస్తువుగా వాడుకోవాల్సి రావడం నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది. ఇన్నాళ్లు తిప్పించినందుకు ఒక్క క్షమాపణ కూడా లేదు.

ఆ అంకెల సంగతి వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ చేతిలో ఉండే గట్టి ఆధారం అదే. విండోస్ 11లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, వై-ఫై, ఆ తర్వాత హార్డ్‌వేర్ ప్రాపర్టీస్ తెరవండి. లింక్ స్పీడ్, ఏ బ్యాండ్ (2.4 గిగాహెర్ట్జా, 5 గిగాహెర్ట్జా), ఏ ప్రోటోకాల్ (ఏ తరం వై-ఫై), కార్డు పేరు, డ్రైవర్ వెర్షన్ అన్నీ ఒకేచోట కనిపిస్తాయి. 5 గిగాహెర్ట్జ్‌లో, 80 మెగాహెర్ట్జ్ వెడల్పున్న ఛానెల్ మీద వై-ఫై 5 అయితే ఒక్కో యాంటెన్నాకు 433 ఎంబీపీఎస్ చొప్పున, రెండింటికి 866. వై-ఫై 6 అయితే ఒకదానికి 600, రెండింటికి 1201. రౌటర్‌కి కూడా ఆ స్థాయి ఉండాలన్నది మరిచిపోవద్దు. ఇది పైకి కనిపించే లెక్క మాత్రమే, అసలు డౌన్‌లోడ్ స్పీడ్ ఇందులో సగం అటూఇటూగా ఉండటం మామూలే. మీకు 72 కనిపిస్తోందంటే మాత్రం ల్యాప్‌టాప్ 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకే యాంటెన్నాతో నడుస్తూ ఉండవచ్చు. అప్పుడు 5 గిగాహెర్ట్జ్ పేరు లిస్టులో కనిపిస్తోందా లేదా చూడండి. ఫోన్‌లో కనిపించి ల్యాప్‌టాప్‌లో కనిపించకపోతే ఆ కార్డుకు అసలు 5 గిగాహెర్ట్జ్ ఉందో లేదో కంపెనీ పేజీలో వెతకండి.

తప్పు రౌటర్‌ది కాదని నిరూపించడానికి నాకు బాగా పనికొచ్చింది పింగ్, అంటే చిన్న సందేశం పంపి జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూసే కమాండ్. కమాండ్ ప్రాంప్ట్‌లో డిఫాల్ట్ గేట్‌వే అడ్రస్‌కి, అంటే మీ రౌటర్‌కే, పింగ్ పెట్టి కాసేపు వదిలేయండి. రౌటర్ ఉన్న గదిలోనే ఉంటే జవాబు కొన్ని మిల్లీసెకన్లలో రావాలి. వందలు దాటుతున్నా, "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్" అని మాటిమాటికీ వస్తున్నా ఇబ్బంది ల్యాప్‌టాప్‌కీ రౌటర్‌కీ మధ్యే ఉంది, బయటి ఇంటర్నెట్ లైన్‌లో కాదు. అదే సమయంలో ఇంకో ల్యాప్‌టాప్ నుంచి కూడా పింగ్ పెట్టి, రెండు స్క్రీన్లూ కలిపి ఒకే ఫొటో తీయండి. ఎవరి దగ్గరైనా యూఎస్‌బీ వై-ఫై అడాప్టర్ దొరికితే అదొకసారి గుచ్చి చూడండి. దానితో బాగా నడిచి, లోపలి కార్డుతో నడవకపోతే ఇక రౌటర్ మీద నెపం వేయడానికి వీల్లేదు. పెన్‌డ్రైవ్ నుంచి లైనక్స్ (విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) బూట్ చేసి చూసినా అదే అవస్థ ఉంటే విండోస్ డ్రైవర్ మీద కూడా అనుమానం చాలావరకు తీరుతుంది.

విండోస్‌లో వైర్‌లెస్ నెట్‌వర్క్ రిపోర్ట్ అని ఒకటుంది, చాలామందికి తెలియదు. గత మూడు రోజుల్లో వై-ఫై ఎప్పుడు కలిసింది, ఎప్పుడు తెగింది, ఎందుకు తెగింది అన్నీ అందులో ఉంటాయి. దాన్ని తయారుచేసే కమాండ్ మైక్రోసాఫ్ట్ సపోర్ట్ పేజీలో ఉంది. రీసెట్ చేస్తే ఈ చరిత్రంతా పోతుంది. అందుకే రీసెట్ చేయమన్నప్పుడు ముందు రిపోర్ట్ దాచుకుని, తర్వాతే చేయండి.

న్యాయంగా చెప్పాలంటే ప్రతి స్లో కనెక్షనూ చెడ్డ ల్యాప్‌టాప్ వల్ల రాదు. యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్క్ లేదా హబ్ పక్కనే ఉంటే దాని నుంచి వచ్చే నాయిస్ 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని దెబ్బతీస్తుంది, ఇంటెల్ 2012లోనే దీనిమీద పత్రం విడుదల చేసింది. మైక్రోవేవ్ ఓవెన్ నడిచేటప్పుడు కూడా అంతే. డివైస్ మేనేజర్‌లో ఆ కార్డు పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ ఉంటే, కరెంటు ఆదా కోసం కార్డుని ఆపేయవచ్చన్న టిక్ తీసేసి చూడండి. వీటితో సర్దుకుంటే సంతోషం. సర్దుకోకపోతే మాత్రం ఆగొద్దు.

కొనబోయేవాళ్లకు ఇంకో మాట. వివరాల్లో ఉత్త "వై-ఫై ఉంది" అని రాస్తే సరిపోదు. కార్డు పేరేంటి, 1x1నా (ఒకే యాంటెన్నా) 2x2నా (రెండు యాంటెన్నాలు) అని అడగండి. ఒకే మోడల్ పేరు మీద వేర్వేరు కార్డులతో ల్యాప్‌టాప్‌లు వస్తుంటాయి. కార్డు విడిగా మార్చుకునేదా, మదర్‌బోర్డుకే అతికించినదా అన్నది కూడా కనుక్కోండి, అతికించినదైతే రేపు అది పాడైతే బోర్డంతా మార్చాలంటారు.

ఫిర్యాదు ఫోన్‌లో చెప్పి ఊరుకోకండి. మొదటి రోజే మెయిల్ పెట్టి, స్క్రీన్‌షాట్లు జతచేసి, "రిటర్న్ గడువు లోపలే తెలియజేస్తున్నాను" అన్న వాక్యం అందులో రాయండి. కంప్లయింట్ నంబర్ తీసుకోండి. సర్వీస్ సెంటర్‌లో ఇస్తే జాబ్ షీట్ మీద "స్లో" అని ఒక్క ముక్క రాయించి వచ్చేయకుండా, లింక్ స్పీడ్ ఎంత ఉందో, స్క్రీన్ వంచితే ఏమవుతోందో అదంతా రాయించి కాపీ అడగండి. ఇప్పుడు గడువులో ఉన్నవాళ్లు ఇవాళే ఆ లింక్ స్పీడ్ చూడండి. తేడా కనిపిస్తే రిపేర్‌కి ఒప్పుకోకుండా నేరుగా రిటర్న్ లేదా రీప్లేస్‌మెంట్ అడగండి.