దారిలో రెండు రాత్రులు: పదేళ్ల స్టాపోవర్ ప్రయాణాల తర్వాత

మొదటిసారి స్టాపోవర్ తీసుకున్నప్పుడు నాకు ఆ మాటే సరిగా తెలియదు. అట్లాంటిక్ దాటే టికెట్ కోసం వెతుకుతుంటే ఐస్‌లాండ్‌ఎయిర్ సైట్‌లో, దారిలో ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్‌లో ఆగుతారా, ఆగితే ఎన్ని రాత్రులు అని అడిగే గడి కనిపించింది. రెండు అని పెట్టాను. ఛార్జీ దాదాపు కదల్లేదు. ఏదో పొరపాటు జరిగిందేమోనని మళ్లీ మొదటి నుంచి వెతికాను. అదే ధర వచ్చింది. ఆ టికెట్‌తో మొదలైంది ఈ అలవాటు. పదేళ్లలో తొమ్మిదిసార్లు ఇలా దారిలో దిగాను. రేక్యావిక్, లిస్బన్, ఇస్తాంబుల్, దోహా, ఇంకా రెండు మూడు ఊళ్లు. ఎక్కువచోట్ల రెండు మూడు రాత్రులు. ఈ పద్ధతి నాకు చాలా ఇష్టం. కానీ దీని గురించి చెప్పేవాళ్లు ఎక్కువగా ఉచిత హోటల్ దగ్గరే ఆగిపోతారు. నా లెక్కలో అది అన్నిటికన్నా చిన్న లాభం.

అంతర్జాతీయ ప్రయాణంలో మధ్య ఊళ్లో 24 గంటల లోపు ఉంటే అది మామూలు కనెక్షన్. 24 గంటలు దాటితే స్టాపోవర్. ఈ గీత ఉత్త పేరు కోసం కాదు, టికెట్ ధర దీని మీదే ఆధారపడుతుంది. మామూలు టికెట్ మీద గీత దాటితే చాలాసార్లు రెండు వేరువేరు ప్రయాణాలుగా లెక్కకట్టి డబ్బు అడుగుతారు. స్టాపోవర్ పథకం ఉన్న సంస్థ మాత్రం మీరు ఆగినా ఆగకపోయినా మొదటి ఊరి నుంచి చివరి ఊరికి ఒకే ఛార్జీ వేస్తుంది. అసలు లాభం ఇదే.

సంస్థలకు ఇందులో ఏముందంటే, ఐస్‌లాండ్‌ఎయిర్ లాంటి సంస్థ ఎవరినైనా ఖండం దాటించాలంటే తన సొంత ఊరి మీదుగానే తీసుకెళ్లాలి. నేరుగా వెళ్లే విమానంతో పోటీ పడాలి కదా. అందుకే "మా ఊరు కూడా చూసి వెళ్లండి" అనడం ఆ సంస్థకూ లాభమే, ఆ దేశపు పర్యాటకానికీ లాభమే. ఐస్‌లాండ్‌ఎయిర్ ఏడు రాత్రుల వరకు ఆగనిస్తుంది. పోర్చుగల్ వాళ్ల విమాన సంస్థ టాప్ (TAP) లిస్బన్‌లో గానీ పోర్తోలో గానీ పది రోజుల వరకు ఉండనిస్తుంది. గల్ఫ్ సంస్థలు హోటల్‌తో కలిపి ప్యాకేజీలు ఇస్తాయి. ఖతార్ ఎయిర్‌వేస్‌ది తక్కువ ధరకు దోహా హోటల్ ఇచ్చే పద్ధతి. టర్కిష్ ఎయిర్‌లైన్స్ ఇస్తాంబుల్‌లో ఉచితంగానే గది ఇస్తుంది, కాకపోతే మీరు ఏ దేశంలో విమానం ఎక్కుతున్నారన్న దాన్ని బట్టి అర్హత మారుతుంది. ఈ నిబంధనలు తరచూ మారుతుంటాయి కాబట్టి కొనే రోజున ఆ సంస్థ పేజీలోనే చదువుకోండి. రెండేళ్ల కిందట ఎవరో చెప్పింది నమ్ముకోవద్దు, నేను చెప్పేదీ అంతే.

కొనే ముందు నేను మూడు ధరలు పక్కపక్కన రాసుకుంటాను. ఆగకుండా వెళ్తే ఎంత, మల్టీ సిటీలో, అంటే మధ్య ఊరిని కూడా ఒకే టికెట్‌లో పెట్టుకుని, ఆగుతూ వెళ్తే ఎంత, రెండు వేరే టికెట్లు కొంటే ఎంత. మొదటి రెండింటికీ కొద్దిపాటి తేడానే ఉంటే అది చాలావరకు ఎయిర్‌పోర్టు పన్నులే. కొన్ని దేశాల్లో ఆ పన్ను పెద్దదే. లండన్‌లో 24 గంటలు దాటి ఆగితే బయల్దేరేటప్పుడు ఎయిర్ ప్యాసింజర్ డ్యూటీ పడుతుంది, అదే 24 గంటల లోపు కనెక్షన్ అయితే పడదు. తేడా మరీ ఎక్కువగా కనిపిస్తే రోజు మార్చి చూస్తాను. రెండో విమానంలో ఆ రోజు చవక సీట్లు అయిపోయి ఉంటాయి, ఎక్కువసార్లు అదే కారణం.

ఇక ఆగడం గురించి. రేక్యావిక్ మొదటిసారి నాకు నేర్పింది ఏమిటంటే, రాత్రులు లెక్కపెట్టడం కాదు, గంటలు లెక్కపెట్టుకోవాలి. ఉత్తర అమెరికా నుంచి వచ్చే విమానాలు అక్కడ తెల్లవారుజామునే దిగుతాయి. నేను అక్కడి ఎయిర్‌పోర్టు కెఫ్లావిక్‌లో దిగేసరికి ఆరున్నర. అక్కడి నుంచి ఊరు దాదాపు 50 కిలోమీటర్లు, బస్సులో ముప్పావుగంట. ఎనిమిదింటికి హోటల్ ముందు నిలబడ్డాను, గది ఇచ్చేది మధ్యాహ్నం మూడింటికి. డిసెంబరు నెల. ఆ ఊళ్లో అప్పుడు సూర్యుడు వచ్చేదే పదకొండు దాటాక, మూడున్నరకల్లా పోతాడు. పెట్టె హోటల్లో పెట్టేసి, రాత్రంతా నిద్రలేని కళ్లతో చీకట్లో ఖాళీ వీధుల్లో నడిచాను. అది నాకు బాగానే ఉంది, వెంట చిన్నపిల్లలుంటే నరకమే. అప్పటి నుంచి పొద్దున్నే దిగే విమానమైతే ముందు రోజు రాత్రికి కూడా గది తీసుకుంటాను, లేదా ముందుగా గది ఇస్తారా అని ఉత్తరం రాసి అడుగుతాను. చాలాచోట్ల కొద్ది రుసుముతో ఇస్తారు.

మర్నాడు థింగ్‌వెల్లిర్ వెళ్లాను. భూమి పైపొరలోని రెండు పెద్ద పలకలు, ఉత్తర అమెరికా పలక, యురేషియా పలక, ఒకదాని నుంచి ఒకటి దూరంగా జరుగుతున్న చోటు అది. క్రీ.శ. 930లో ఆ దేశపు సభ మొదటిసారి కూడింది కూడా అక్కడే. నల్లరాతి గోడల మధ్య దారి, దారి మీద పలచగా మంచు. తర్వాత స్ట్రోక్కుర్ అనే వేడినీటి బుగ్గ దగ్గర నిలబడితే పది నిమిషాలు తిరక్కుండానే నేలలోంచి వేడినీళ్లు పైకి చిమ్మాయి. చిమ్మేముందు నీళ్లు ఒక పెద్ద నీలి బుడగలా ఉబ్బుతాయి, ఆ ఒక్క క్షణం చూడటానికి నాలుగుసార్లు ఆగాను. దీనికోసమే ప్రత్యేకంగా ఐస్‌లాండ్ వెళ్లాలని నేనెప్పుడూ అనుకోలేదు. స్టాపోవర్ ఇచ్చేది ఇదే: మన జాబితాలో లేని ఊరు.

రెండు రాత్రుల కన్నా తక్కువ ఉంటే నేనిప్పుడు ఆగను. ఒక్క రాత్రి ఆగినప్పుడల్లా ఇమిగ్రేషన్ క్యూ, హోటల్, మళ్లీ మూడు గంటల ముందు ఎయిర్‌పోర్టు, వీటికే సగం పోయింది. ఎయిర్‌పోర్టు ఊరికి ఎంత దూరమో కూడా చూడాలి. లిస్బన్ ఎయిర్‌పోర్టు ఊరిని ఆనుకునే ఉంది, మెట్రో ఎక్కితే అరగంటలో గదిలో ఉంటారు. అక్కడ ఒక్క పూట కూడా పనికొస్తుంది. ఇస్తాంబుల్ కొత్త ఎయిర్‌పోర్టు పాత ఊరికి 40 కిలోమీటర్ల పైమాటే, ట్రాఫిక్‌లో అది గంటన్నర కూడా అవుతుంది.

లిస్బన్‌లో నాకు గుర్తుండిపోయింది జెరోనిమోస్ మఠం. 1498లో కాలికట్ చేరిన వాస్కో డ గామా సమాధి అక్కడే ఉంది. చిన్నప్పుడు పాఠంలో ఒక పేరు, ఒక సంవత్సరం బట్టీపట్టాం కదా. ఆ మనిషి రాతి బొమ్మ చేతులు జోడించుకుని పడుకుని ఉంటే, పక్కన నిలబడి చాలాసేపు కదల్లేదు.

ఇప్పుడు లగేజీ. ఇది బాగా వినండి, ఎందుకంటే నాకు అన్నిటికన్నా పెద్ద దెబ్బ ఇక్కడే తగిలింది. ఒకసారి చెకిన్ కౌంటర్లో అమ్మాయి రెండు బోర్డింగ్ పాసులు, రెండు బ్యాగ్ ట్యాగులు నా చేతిలో పెట్టింది. నేను చూసుకోలేదు. మధ్య ఊళ్లో బెల్టు ముందు గంటసేపు నిలబడితే పెట్టె రాలేదు. అది నేరుగా చివరి ఊరికి ట్యాగ్ అయింది. మూడు రోజుల తర్వాత నేనెక్కే విమానం కోసం అది ఎక్కడో గోడౌన్లో ఎదురుచూస్తోంది. చలికోటు అందులో, అమ్మ బీపీ మందులు అందులో. మందులు కొనుక్కోగలిగాం గానీ ఆ సాయంత్రం పడిన టెన్షన్ మరచిపోలేను. అప్పటి నుంచి కౌంటర్లో పెట్టె బెల్టు మీద కదలక ముందే ట్యాగ్ మీద పెద్దక్షరాల్లో ఉన్న మూడక్షరాల కోడ్ చదువుతాను. లిస్బన్‌లో ఆగితే ఎల్ఐఎస్, రేక్యావిక్ అయితే కేఈఎఫ్ ఉండాలి. ఆ కోడ్ ముందే ఒక చీటీ మీద రాసుకుని పాస్‌పోర్టులో పెట్టుకుంటాను. "నేను అక్కడ మూడు రాత్రులు ఉంటున్నాను, పెట్టె అక్కడే కావాలి" అని నోటితో కూడా చెబుతాను. మందులు, ఒక జత బట్టలు చేతి సంచిలోనే.

రెండో దెబ్బ షెడ్యూల్ మార్పు. ఎనిమిది నెలల ముందు కొన్న టికెట్ అది. మధ్యలో ఒక విమానం వేళ మారింది. సంస్థ కంప్యూటర్ నన్ను తనంతట తానే కొత్త విమానాల్లోకి మార్చింది. మెయిల్లో "మీ ప్రయాణం అప్‌డేట్ అయింది" అని మాత్రమే ఉంది. తీరా తెరిచి చూస్తే నా మూడు రాత్రులు మాయం, రెండు గంటల కనెక్షన్ వచ్చి కూర్చుంది. ఆ యంత్రానికి స్టాపోవర్ అంటే ఖాళీ సమయం, దాన్ని తగ్గిస్తే మేలు చేసినట్టు. ఫోన్లో గంట పైనే పట్టింది, చివరికి పాత తేదీలే పైసా అదనం లేకుండా తిరిగి ఇచ్చారు. మార్పు వాళ్లు చేసింది కాబట్టి అది అడగడానికి మనకు పూర్తిగా హక్కుంది. అలాంటి మెయిల్ వచ్చినప్పుడు "అంగీకరిస్తున్నాను" అన్న బటన్ మాత్రం నొక్కకండి. ముందు పీఎన్ఆర్ తెరిచి ప్రతి విమానం తేదీ చూసుకోండి. హోటల్ కూడా రద్దు చేసుకునే వీలున్నదే తీసుకోండి.

ఇంకొకటి. ఊరు నచ్చింది కదా, ఇక్కడే ఉండిపోదాం, రెండో విమానం వదిలేద్దాం అని ఎవరైనా అనుకుంటే, మిగతా టికెట్ మొత్తం రద్దవుతుంది, తిరుగు ప్రయాణంతో సహా. ఒక విమానం ఎక్కకపోతే వెనకున్నవన్నీ పోతాయి.

వీసా సంగతి టికెట్ కొనకముందే తేల్చుకోవాలి. ఎయిర్‌పోర్టు లోపలే విమానం మారేవాళ్లకు అక్కర్లేని వీసా, బయట అడుగు పెట్టేవాళ్లకు కావాల్సి రావచ్చు. రేక్యావిక్ గానీ లిస్బన్ గానీ షెంగెన్ పరిధిలోనివి, అంటే ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల్లోవి. అక్కడ ఆగిన రోజులు, ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులు మించి ఉండకూడదన్న లెక్కలోకి వస్తాయి. వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి ఆగుదామనుకుంటే, మధ్యలో షెంగెన్ బయటికి వెళ్తున్నారు కాబట్టి కనీసం రెండుసార్లు లోపలికి రానిచ్చే వీసా ఉండాలి. వీసా రుసుము, దానికి పట్టే తిరుగుడు కలిపితే కొన్నిసార్లు స్టాపోవర్‌కి అర్థమే ఉండదు. అలా రెండుసార్లు మానుకున్నాను. ప్రయాణ బీమాలో మధ్య దేశం కూడా ఉందో లేదో అదే రోజు చూసుకోండి.

వెళ్లేటప్పుడు ఆగాలా, వచ్చేటప్పుడా? రెండూ చేశాను. నా ఓటు వెళ్లేటప్పటికే. ఒంట్లో ఓపిక ఉంటుంది, పెట్టెలు తేలిగ్గా ఉంటాయి, కాలమానం తేడా కూడా రెండు ముక్కలుగా పడుతుంది. చివరి ఊళ్లో దిగేసరికి ఒళ్లు సగం దారికి అలవాటు పడి ఉంటుంది. తిరిగి వచ్చేటప్పుడు ఆగిన రెండుసార్లూ మనసు ఇంటి మీదే ఉంది. ఎంత గొప్ప ఊరైనా, ఇంకెప్పుడు ఇల్లు చేరతామా అనే అనిపించింది. ఉద్యోగానికి వెళ్లాల్సిన రోజు దగ్గరపడుతుంటే ఆ కంగారు ఇంకా ఎక్కువ.

ఉచిత హోటల్ విషయానికొస్తే, వాడుకోండి, కానీ దాని కోసం ఊరు ఎంచుకోకండి. ఒక సంస్థ ఇచ్చిన గది శుభ్రంగానే ఉంది గానీ చూడాల్సిన చోటికి గంట దూరం. రోజుకు రెండు గంటలు దారిలోనే పోయాయి. తర్వాతిసారి సొంత డబ్బుతో ఊరి నడుమ తీసుకున్నాను, ఒక పూట మిగిలింది. మైళ్లతో, అంటే విమాన సంస్థల పథకాల్లో జమచేసుకున్న పాయింట్లతో, టికెట్ తీసుకునేవాళ్లకూ దారి ఉంది. ఎయిర్ కెనడా వాళ్ల పాయింట్ల పథకం ఏరోప్లాన్‌లో ఒకవైపు ప్రయాణంలోనే 5,000 పాయింట్లు అదనంగా ఇచ్చి ఆగవచ్చు. ఆగే హక్కు ఒక్కో పథకంలో ఒక్కోలా ఉంటుంది.

మొత్తం తొమ్మిదింట్లో నేను మళ్లీ మళ్లీ తలచుకునేది అమ్మతో ఆగిన ఇస్తాంబుల్. అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఒకే దెబ్బకు ఇరవై గంటల ప్రయాణమంటే దిగేసరికి కాళ్లు వాచిపోతాయి. అంతకు ముందు ఒకసారి అలాగే జరిగి వారం రోజులు మంచం దిగలేదు. ఈసారి దారిని రెండుగా విరిచాను. మొదటి రోజంతా గదిలో కాళ్లు చాపుకుని పడుకుంది. నేను ఎక్కడికీ తీసుకెళ్లలేదు. రెండో రోజు పొద్దున అయా సోఫియా చూసి, మధ్యాహ్నం ఎమినోను రేవులో కడికోయ్ వెళ్లే ఫెర్రీ ఎక్కాం. 20 నిమిషాల దారి. మెట్లు ఎక్కక్కర్లేదు, నడవక్కర్లేదు, బయట బల్ల మీద కూర్చుంటే ఊరంతా మన ముందు నుంచి జరిగిపోతుంది.

"అమ్మా, మనం ఎక్కిన ఒడ్డు యూరప్, దిగబోయేది ఆసియా" అన్నాను.

"ఇంతేనటే దూరం!" అంది. కాసేపు నీళ్లకేసి చూసి, "దిగి మళ్లీ ఇదే ఎక్కుదామా?" అని అడిగింది.

నా చీటీలో ఆ సాయంత్రానికి ఇంకా రెండు చోట్లు ఉన్నాయి. వాటిని వదిలేశాం. కడికోయ్‌లో దిగి, తర్వాతి ఫెర్రీకి టికెట్ తీసుకున్నాం. వచ్చేటప్పుడు గాలి బాగా పెరిగింది, సముద్రపు కాకులు పడవ పక్కనే ఎగురుతున్నాయి. లోపల కూర్చుందామంటే అమ్మ రానంది.