ఊపిరితిత్తిని పెంచేదొకటి, ఆపేదొకటి

కర్నూలులో మా బంధువుల బిడ్డ 28 వారాలకే పుట్టి ఆక్సిజన్ మీద ఉన్నప్పుడు మిర్-17-92, మిర్-34ఎ అనే మైక్రో ఆర్ఎన్ఏల పేర్లు నా చెవిన పడ్డాయి. మైక్రో ఆర్ఎన్ఏలంటే కణాల్లో ఉండే, సుమారు 22 జన్యు అక్షరాల పొట్టి పోగులు. ప్రోటీన్ల తయారీకి కళ్లెం వేస్తాయి.

మిర్-17-92 గుంపు ఎదిగే ఊపిరితిత్తికి ఎరువు లాంటిది. ఎలుకల్లో దాన్ని తీసేస్తే ఊపిరితిత్తులు సరిగా ఎదగక వాటి పిల్లలు పుట్టగానే చనిపోయాయి. మితిమీరితే మాత్రం కణాలు అదుపు తప్పి పెరుగుతాయి (ఎరువుతో ఉన్న చిక్కే అది).

మిర్-34ఎ తీరు వేరు. అధిక ఆక్సిజన్ తగిలితే పెరుగుతుంది. రక్తనాళాలను నిలబెట్టే యాంజియోపొయెటిన్-1 అనే ప్రోటీన్‌ను తగ్గిస్తుంది. ఎలుక పిల్లల్లో దాన్ని అడ్డుకుంటే ఊపిరితిత్తుల దెబ్బ తగ్గింది.

మందుగా నా మొగ్గు మిర్-34ఎను అడ్డుకోవడానికే. పెరిగిన మిర్-34ఎను అణచడం కన్నా, తగ్గిన మిర్-17-92ను కొలత తప్పకుండా నింపడమే కష్టం. ప్రస్తుతానికి వార్డులో నర్సు చేతిలో ఉన్నది ఆక్సిజన్ మీటరే.