నవోదయ: మా పెద్దమ్మాయికి సరిపోయింది, చిన్నోడికి వద్దనుకున్నాం

మా జిల్లా నవోదయలో మా పెద్దమ్మాయి ఇప్పుడు ఎనిమిదో తరగతి. అక్కడ చేర్చిన దగ్గర్నుంచి చుట్టాల్లో, సంఘం మీటింగుల్లో ఒకటే ప్రశ్న: "అక్కా, నవోదయ ఎట్లుంటది? మా పిల్లను పంపొచ్చా?" ఫోన్లో ఒక్కొక్కరికీ ముక్కలుముక్కలుగా చెప్పేకన్నా, వివరంగా రాస్తే పదిమందికి పనికొస్తుందని రాస్తున్నాను. బడి మంచిది. నా దృష్టిలో పల్లెటూరి పిల్లలకు దొరికే చదువుల్లో ఇంతకన్నా మంచిది తక్కువ. అయినా ఈ ఏడు అయిదో తరగతికి వచ్చిన మా చిన్నోడికి మాత్రం దరఖాస్తు పెట్టడం లేదు. రెండింటికీ కారణం చెప్తాను.

ముందు తెలియనివాళ్ల కోసం. 1986 జాతీయ విద్యా విధానంతో వచ్చిన కేంద్ర ప్రభుత్వ బడులివి. ఆరు నుంచి పన్నెండు దాకా అక్కడే ఉండి చదవాలి. సీబీఎస్‌ఈ సిలబస్. తిండి, పుస్తకాలు, యూనిఫాం, పడక అన్నీ ఉచితం. తొమ్మిదో తరగతి నుంచి వికాస్ నిధి అని నెలకు 600 రూపాయలు కట్టాలి. అది కూడా ఆడపిల్లలకు, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు, పేద కుటుంబాలకు లేదు. సర్కారు ఉద్యోగుల పిల్లలకు ఇంకా ఎక్కువ. సీట్లలో కనీసం 75 శాతం పల్లె పిల్లలకే. ఆ కోటా కావాలంటే మూడు, నాలుగు, అయిదు తరగతులు పల్లెలోని బడిలోనే చదివి ఉండాలి. మూడోవంతు సీట్లు ఆడపిల్లలకు. పిల్ల ఏ జిల్లాలో అయిదు చదువుతుందో ఆ జిల్లా నవోదయకే పెట్టుకోవాలి. మంచి కోచింగ్ ఉందని అయిదో తరగతికి పక్క జిల్లాకు పంపితే, సొంత జిల్లా సీటుకు దరఖాస్తు పెట్టే వీలే ఉండదు. మా బంధువుల్లో ఒకరు ఫారం నింపడానికి కూర్చున్నాక ఈ సంగతి తెలిసి చాలా బాధపడ్డారు.

ఒక్కో నవోదయలో ఆరో తరగతికి ఎక్కువలో ఎక్కువ 80 సీట్లు. ప్రవేశ పరీక్ష ఒక్కసారే రాయాలి. రాకపోతే వచ్చే ఏడు మళ్లీ ఆరో తరగతి సీటుకు రాస్తామంటే కుదరదు. 80 ప్రశ్నలు, 100 మార్కులు, రెండు గంటలు. తెలుగులోనే రాయొచ్చు, తప్పు రాస్తే మార్కులు కొయ్యరు. లెక్కలు 20 ప్రశ్నలు, భాష 20 ప్రశ్నలు. మిగతా 40 బొమ్మల ప్రశ్నలు, సగం మార్కులు వాటికే. చాలామంది తల్లిదండ్రులు లెక్కల మీద పడి ఈ బొమ్మల్ని వదిలేస్తారు. కాగితాన్ని మడిచి ఒకచోట కత్తిరిస్తే విప్పాక ఎలా కనిపిస్తుంది, బొమ్మను అద్దంలో చూస్తే ఎటు తిరుగుతుంది, ఇలాంటివి. నేను మిషన్ కుడతాను. జాకెట్టు గుడ్డను నాలుగు మడతలు పెట్టి మెడ కత్తిరించేటప్పుడు మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, "విప్పితే ఎట్లుంటదో ముందే గీసి చూపియ్యి" అనేదాన్ని. తను పలక మీద గీసేది, నేను గుడ్డ విప్పి చూపించేదాన్ని. మొదట్లో మడత వైపు కత్తిరించినదానికీ అంచు వైపు కత్తిరించినదానికీ తేడా పట్టుకోలేకపోయింది. గుడ్డ పీలికలతో ఆడుకుంటూ ఆడుకుంటూ అదే పట్టుకుంది. లెక్కలు మా ఊరి ప్రాథమిక బడి సారు పాత పేపర్లు పెట్టి చేయించారు. కోచింగ్‌కు పంపలేదు. వేలకు వేలు పోయక్కర్లేదని నా నమ్మకం. బిడ్డ పక్కన రోజూ కాసేపు కూర్చునే మనిషి ఒకరు ఉంటే చాలు.

ఇక బడి సంగతి. అన్నిటికన్నా నాకు నచ్చింది, టీచర్లు ఆ ఆవరణలోనే కాపురం ఉండటం. సాయంత్రం బెల్లు కొట్టగానే బస్సెక్కి వెళ్లిపోయే సార్లు కాదు. రాత్రి చదువు గంటల్లో ఎవరో ఒక టీచర్ దగ్గరుంటారు. మా అమ్మాయికి భిన్నాలంటే భయం. లెక్కల మేడం భోజనాలయ్యాక కూడా కూర్చోబెట్టి ఆ ఒక్క అధ్యాయం తేల్చారు. ఇంట్లో ఉంటే ఆ పని నాకు చేతకాదు, ట్యూషన్‌కు పంపాలి. తొమ్మిది నుంచి లెక్కలు, సైన్స్ పూర్తిగా ఇంగ్లీషులో ఉంటాయని ముందునుంచే ఇంగ్లీషు మీద కూడా బాగా పట్టించుకుంటున్నారు.

రెండోది, పిల్లల్ని హౌస్‌లుగా విడదీస్తారు. ఆరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి. దేశంలో ఏ నవోదయకు వెళ్లినా ఇవే పేర్లు. పెద్ద తరగతి అక్కలు, చిన్న తరగతి చెల్లెళ్లు ఒకే హౌస్‌లో ఉంటారు. పాట, ఆట, బొమ్మలు, చెట్లకు నీళ్లు పెట్టడం అన్నీ హౌస్ తరఫునే. ఊళ్లో నలుగురిలో మాట్లాడటానికి తలొంచుకునే పిల్ల, ఏడో తరగతిలో స్టేజీ ఎక్కి హిందీలో మాట్లాడింది. నాకు సగం అర్థం కాలేదు గానీ కళ్లనీళ్లు ఆగలేదు.

కష్టం లేదా అంటే ఉంది. పొద్దున్నే తెల్లవారకముందే లేవాలి, గ్రౌండుకు పోవాలి. బట్టలు తనే ఉతుక్కోవాలి. ట్రంకుపెట్టె తాళంచెవి దారానికి కట్టి మెళ్లో వేసుకుని తిరుగుతుంది. సబ్బు, కొబ్బరినూనె అయిపోయే లోపలే గుర్తుపెట్టుకుని చెప్పాలి, ఎందుకంటే మనం వెళ్లేది కలుసుకునే ఆదివారాల్లోనే. ఆ రోజు చెట్ల కింద ఎక్కడ చూసినా క్యారేజీలే. ఒకరి పులిహోర ఇంకొకరి పిల్ల తింటుంది. మొదటి ఏడాది మేం చూసి తిరిగొచ్చే ప్రతిసారీ మా అమ్మాయి గేటు దాకా వచ్చి ఏడ్చింది. దసరా సెలవులకు ఇంటికొచ్చి, తిరిగి వెళ్లే రోజు కడుపునొప్పి అని పడుకుంది. అప్పుడు హౌస్ మేడం ఫోన్ చేసి, "బలవంతం చెయ్యకండి, తనతో నన్ను మాట్లాడనివ్వండి" అన్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు. మర్నాడు తనే పెట్టె సర్దుకుంది.

ఇంకో సంగతి, చేర్చేముందు చాలామందికి తెలియదు. తొమ్మిదో తరగతిలో 30 శాతం మంది పిల్లల్ని ఒక ఏడాది వేరే రాష్ట్రం నవోదయకు పంపుతారు. మన దగ్గర్నుంచి హిందీ మాట్లాడే రాష్ట్రాలకు, అక్కడి పిల్లలు మన దగ్గరికి. మైగ్రేషన్ అంటారు. వచ్చే ఏడు మా అమ్మాయి పేరు రావచ్చు, రాకపోవచ్చు. నాకు టెన్షన్‌గానే ఉంది. అంత దూరం, ఆ చలి, జ్వరమొస్తే నేను ఒక్క రాత్రిలో చేరలేను. కానీ మా అమ్మాయి హాస్టల్లో అటు నుంచి వచ్చిన తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి ఉంది. వచ్చినప్పుడు సాంబారు ముట్టేది కాదట. ఇప్పుడు మెస్‌లో "ఇంకొంచెం పెట్టండి" అని తెలుగులోనే అడుగుతుంది. కలుసుకునే ఆదివారాల్లో తనకు ఎవరూ రారని మా అమ్మాయి మా చాప మీదే కూర్చోబెడుతుంది. నేను జొన్నరొట్టెలు ఎక్కువ చేసుకుపోతాను. ఆ పిల్లను చూశాక, పేరొస్తే పంపడానికి నేను ఒప్పుకున్నాను. మా ఆయన ఇంకా ఒప్పుకోలేదు.

ఇంత మంచిదైతే చిన్నోడినెందుకు పంపవు అని మా అత్తమ్మ రోజూ అడుగుతుంది. వాడు చదువులో అక్కకన్నా చురుకు. పరీక్ష రాస్తే సీటొస్తుందని వాళ్ల సారు కూడా అంటున్నారు. కానీ వాడికి చలికాలం ఆయాసం వస్తుంది. వచ్చినా చెప్పడు. మంచంలో కూర్చుని భుజాలు ఎగరేస్తూ ఊపిరి తీస్తుంటే నేనే చూసి లేవాలి. పెద్దమ్మాయి తలనొప్పి వచ్చినా, ఎవరైనా ఒక మాట అన్నా పదిమందికి చెప్పే రకం. హాస్టల్ బడికి పంపే పిల్లకు తెలివికన్నా ముందు నోరుండాలి. నర్సు ఉన్నా, హౌస్ మాస్టర్ ఉన్నా, చెప్పని బిడ్డ బాధ అంతమందిలో ఎవరికి కనపడుతుంది? ఉచితమనో, పేరొస్తుందనో పదేళ్ల పిల్లాణ్ని పంపడం నాకు సమ్మతం కాదు.

వాడి కోసం టౌన్లో ఒక ప్రైవేటు బడికి కూడా వెళ్లి చూశాం. డిజిటల్ బోర్డు చూపించారు, ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అన్నారు. ఏడో తరగతి పిల్లల లెక్కల నోట్సు ఒకటి చూడాలని అడిగాను. తెచ్చారు. చేతిరాత ముత్యాల్లా ఉంది, ప్రతి పేజీకి టిక్కు, సంతకం. ఒకచోట 3/4, 2/5 కూడితే 5/9 అని రాసి ఉంది. దానికీ టిక్కే. పైవి పైవి, కిందివి కిందివి కలిపేసిన లెక్క అది. మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో అడిగితే అట్ట చిరిగిన నోట్సు ఇచ్చారు. అందులో అలాంటి తప్పుకే ఎర్రపెన్నుతో సున్నా చుట్టి, పక్కన 15/20 + 8/20 అని వేసి, మిగతాది పిల్లాడితోనే పూర్తి చేయించారు. కింద పిల్లాడి రాతలో 23/20 ఉంది. బడి వెతుక్కునేవాళ్లు ఎవరైనా సరే, ఫీజు అడగక ముందు ఇలా ఒక నోట్సు అడిగి చూడండి. ఇవ్వడానికి ఒప్పుకోకపోతే అది కూడా మీకు ఒక జవాబే.

చిన్నోడికి ఈ జడ్పీ బడే అనుకుంటున్నాం. అందులో లోటు లేదని నేను అనను. హిందీ పండిట్ పోస్టు ఖాళీగా ఉంది. ఆడపిల్లల బాత్రూంలో నీళ్లు ఒకరోజు వస్తాయి, ఒకరోజు రావు. కానీ అది ఇంటికి నడిచిపోయేంత దగ్గర, మధ్యాహ్న భోజనం వేడిగా పెడతారు, లెక్కల సారు ఆ నోట్సు దిద్దిన సారు. బడి బాగోగులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలో మా మహిళా సంఘం నుంచి నేనూ ఉన్నాను. నీళ్ల మోటారు సంగతి, హిందీ పోస్టు సంగతి వచ్చే మీటింగులో రాతపూర్వకంగా పెట్టిస్తున్నాం.

నవోదయకు పెట్టాలనుకున్నవాళ్లకు: ఫారాలు మామూలుగా వానాకాలంలో, పిల్ల అయిదో తరగతి మొదట్లో ఉండగానే వస్తాయి. నవోదయ సమితి వెబ్‌సైట్లోనే నింపాలి, దరఖాస్తుకు ఫీజు లేదు. ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి. సర్టిఫికెట్ మీద హెడ్మాస్టర్ సంతకం కావాలి, అది ఆఖరి రోజు దాకా ఉంచుకోవద్దు. 2024 డిసెంబరులో కేంద్ర కేబినెట్ దేశమంతా మరో 28 నవోదయలకు ఒప్పుకుంది, వాటిలో 7 తెలంగాణకే ఇచ్చారు. అందుకని మీ జిల్లాకు ఇప్పుడు ఏ నవోదయ వర్తిస్తుందో ఫారం తెరిచినప్పుడే చూసుకోండి. పోయినేడు విన్నమాట పట్టుకుని నింపకండి.