ప్రొపెల్లర్ గవర్నర్ మొరాయిస్తే: రిపేరా, ఓవర్‌హాలా, ఎక్స్ఛేంజా?

చిన్న విమానాల్లో ప్రొపెల్లర్ బ్లేడ్ల కోణాన్ని (పిచ్) ఆయిల్ ఒత్తిడితో మార్చి, ఇంజిన్ ఆర్‌పీఎంని నిలకడగా ఉంచేది ప్రొపెల్లర్ గవర్నర్. నేల మీద ఫుల్ పవర్ ఇచ్చినా ఆర్‌పీఎం రెడ్‌లైన్‌కి (గరిష్ఠ పరిమితికి) రావట్లేదంటే చాలామంది నేరుగా గవర్నర్ మీద పడతారు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టే. విప్పేముందు, ఫుల్ పవర్‌లోనే ప్రొపెల్లర్ లివర్‌ని మెల్లగా వెనక్కి లాగి చూడండి. లివర్ కదలగానే ఆర్‌పీఎం పడితే ఆపుతున్నది గవర్నరే. దాని హై ఆర్‌పీఎం స్టాప్ స్క్రూ (గరిష్ఠ ఆర్‌పీఎంని నిర్ణయించే మర) సర్దితే చాలు. మోడల్‌ని బట్టి ఒక చుట్టుకి సుమారు 20–25 ఆర్‌పీఎం మారుతుంది. లివర్ కొంత వెనక్కి వచ్చాక గానీ పడట్లేదా, అయితే ఆపుతున్నది ప్రొపెల్లర్‌లోని లో పిచ్ స్టాప్ (బ్లేడ్ కోణం మరీ తగ్గకుండా ఆపే అడ్డు), లేదా ఇంజిన్‌కే సత్తువ తగ్గింది. అప్పుడు కొత్త గవర్నర్ బిగించినా డబ్బు దండగే.

గవర్నర్ ఇంజిన్‌కి బిగిసే బేస్ దగ్గర ఆయిల్ కారుతుంటే గ్యాస్కెట్ మార్చడమే మేలు. పాతది మళ్లీ వాడకూడదు. సెస్నా 182 వంటివాటిలో గ్యాస్కెట్ జాలీ ఉబ్బెత్తు వైపు గవర్నర్ వైపుకే ఉండాలి. స్ప్లైన్ (గవర్నర్‌ని తిప్పే షాఫ్ట్ పళ్లు) కూర్చోకపోతే బలవంతపెట్టొద్దు. మాగ్నెటోలు ఆఫ్‌లో ఉన్నాయని చూసుకుని క్రాంక్‌షాఫ్ట్‌ని కొద్దిగా తిప్పితే అదే కూర్చుంటుంది.

లోపలి పైలట్ వాల్వ్ (ఆయిల్‌ని మళ్లించేది), ఫ్లైవెయిట్లు (వేగాన్ని పసిగట్టే బరువులు), పంపు గేర్లు అరిగితే సంగతి వేరు. ఒక్క భాగం తెచ్చి హ్యాంగర్లో మార్చేయడం నా దృష్టిలో అసలు దారే కాదు. రిలీఫ్ ప్రెషర్ (మితిమీరిన ఒత్తిడిని వదిలే హద్దు), పంపు సామర్థ్యం, లీకేజీ టెస్ట్ బెంచ్ మీద తప్ప తేలవు. ఒంటి ఇంజిన్ విమానాల్లో చాలావాటికి గవర్నర్ ఇచ్చే ఆయిల్ ఒత్తిడి పోతే బ్లేడ్లు ఫైన్ పిచ్‌కి (తక్కువ కోణానికి) వెళ్లి ఇంజిన్ ఓవర్‌స్పీడ్ అవుతుంది.

మిగిలిన దారులు రెండు: మీ యూనిట్‌నే షాపులో పూర్తిగా విప్పి బాగుచేయించే ఓవర్‌హాల్, దాన్ని ఇచ్చేసి సిద్ధంగా ఉన్న మరో యూనిట్ తీసుకునే ఎక్స్ఛేంజ్. విమానం ఆగితే నష్టపోయే ఫ్లయింగ్ స్కూలుకి ఎక్స్ఛేంజ్ నయం. కానీ పార్ట్ నంబరు చివరి అక్షరం దాకా సరిచూడాలి: చూడ్డానికి ఒకేలా ఉన్నా తిరిగే దిశ, రిలీఫ్ సెట్టింగ్ వేరుగా ఉండొచ్చు. మన దేశంలో డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) ఆమోదించిన షాపు నుంచైతే సీఏ ఫారం 1 (భాగం వాడకానికి తగినదని ఇచ్చే ధ్రువపత్రం) లేకుండా తీసుకోవద్దు. తొందర లేని సొంత విమానానికి, చరిత్ర తెలిసిన మీ యూనిట్‌నే ఓవర్‌హాల్ చేయించడం మేలు.

ఆయిల్ ఫిల్టర్లో లోహపు రజను దొరికితే మాత్రం ఆయిల్ దారులు కడిగి, ప్రొపెల్లర్ హబ్ తనిఖీ అయ్యాకే ఏదైనా బిగించండి. లేదంటే ఆ రజను కొత్త యూనిట్‌నీ తినేస్తుంది. బిగించాక ఇంజిన్ నడిపి, లివర్‌ని మూడు నాలుగుసార్లు ఆడించి గాలి పోగొట్టి, ఇంజిన్ ఆపి, బేస్ చుట్టూ గుడ్డతో తుడిచి తడి ఉందేమో చూడాలి.