లైన్ పట్టుకునే వింగరా, లోపలికి దూరే వింగరా?

తిరుపతిలో సాయంత్రం ఫుట్‌బాల్ మ్యాచ్ అయినాక మావోళ్ళ మధ్య ఎప్పుడూ ఇదే వాదన, పక్కన ఆడే వింగర్ సైడ్ లైన్ ఎంబడే ఉండాలా, లోపలికి దూరాలా అని. ఇంగ్లాండ్ బెక్‌హామ్ మాదిరి కుడికాలోడు కుడిపక్కే ఉండి క్రాస్ వేస్తే, అంటే గోల్ ముందుకి బంతి ఎత్తి కొడితే, ఎగిరి తల పెట్టే స్ట్రైకర్ ఉండాల, లేకుంటే అన్నీ గోల్‌కీపర్ చేతుల్లోకే. ఈజిప్ట్ ఆటగాడు సలా అట్ల కాదు, ఎడంకాలోడు, కుడిపక్క నుంచి లోపలికొచ్చి తనే కొడతాడు, 2017-18 ఇంగ్లాండ్ ప్రీమియర్ లీగ్‌లో ఒక వింగర్ 32 గోల్స్ అంటే మామూలు మాటా! నెదర్లాండ్స్ రాబెన్ కూడా అంతే ఆడేవాడు, ఎడంకాలికి తిప్పుకుంటాడని అందరికీ తెలుసు, అయినా ఆయప్పని ఆపడం ఎంత కష్టమో చూసినాం కదా. కానీ ఇట్ల ఆడాలంటే ఫుల్‌బ్యాక్ (వెనక పక్కన ఆడే డిఫెండర్) బయటిపక్క నుంచి పరిగెత్తతా ఉండాల, లేదంటే మధ్యలో అంతా ఇరుకే. మా టీంలో అంత దమ్ముండే ఫుల్‌బ్యాక్ లేడు, హెడర్ కొట్టే పొడుగోడు మాత్రం ఉండాడు, అందుకే నా ఓటు లైన్ పట్టుకునేవాడికే.