4007 పెట్టాలా, షాట్కీ పెట్టాలా?

హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో డయోడ్, అంటే కరెంటును ఒకే వైపు పోనిచ్చే భాగం, అడిగితే ముందుగా చేతిలో పెట్టేది 1ఎన్4007. చవక, గట్టిది. 1 ఆంపియర్ మోస్తుంది, 1000 వోల్టుల రివర్స్ (వ్యతిరేక దిశలో పడే) వోల్టేజీ తట్టుకుంటుంది. అందుకే ప్రాజెక్టులు చేసే పిల్లలు అన్ని సర్క్యూట్లలోనూ అదే పెట్టేస్తుంటారు. 1ఎన్5819 అనే షాట్కీ డయోడ్ కూడా 1 ఆంపియర్‌దే, కానీ తట్టుకునేది 40 వోల్టులే. అయినా బ్యాటరీతో నడిచే సర్క్యూట్ అయితే నా ఓటు షాట్కీకే.

ఏ డయోడైనా తన గుండా కరెంటు పోతున్నప్పుడు కొంత వోల్టేజీ తినేస్తుంది. 4007 తక్కువ కరెంటుకే 0.7 వోల్టు తింటుంది, 1 ఆంపియర్ దగ్గర 1 వోల్టు దాకా పోతుంది. 5819 ఆ 1 ఆంపియర్ దగ్గర కూడా 0.6 దాటదు. 3.7 వోల్టుల లిథియం సెల్‌ను ఎవరైనా తిరగేసి పెడితే బోర్డు కాలకుండా సిరీస్‌లో ఒక డయోడ్ వేస్తాం కదా. అక్కడ 4007 ఉంటే బోర్డుకు చేరేది 3 వోల్టులే. వైఫై ఆన్ కాగానే ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న చిన్న కంట్రోలర్ బోర్డు) రీసెట్ అవుతుంటే చాలామంది ప్రోగ్రామ్‌లో తప్పు వెతుకుతారు. ముందు చూడాల్సింది ఆ డయోడ్‌ను.

వేగంలో తేడా ఇంకా పెద్దది. వోల్టేజీని తగ్గించే ఎల్‌ఎం2596 బక్ కన్వర్టర్ ఐసీ 150 కిలోహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది, అంటే ఒక్కో సైకిల్ 6.7 మైక్రోసెకన్లు. 4007 పూర్తిగా ఆగడానికే కొన్ని మైక్రోసెకన్లు పడుతుంది. ఈలోగా కరెంటు వెనక్కి పారుతూనే ఉంటుంది. డయోడూ, ఐసీ రెండూ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతాయి. షాట్కీలో ఈ ఆలస్యం దాదాపు ఉండదు. 3 ఆంపియర్లు కావాలంటే 1ఎన్5822 వేసుకోవాలి.

230 వోల్టుల మెయిన్స్ దగ్గర మాత్రం ఆలోచించే పనే లేదు. పీక్ 325 వోల్టులు, అక్కడ 4007 ఉండాల్సిందే. అసలు చిక్కు 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్‌తో, అంటే మధ్య వైరుకు రెండు వైపులా 12 వోల్టుల చొప్పున ఇచ్చే దానితో వస్తుంది. 12 వోల్టులే కదా అని 5819 పెడతారు. కానీ రెండు డయోడ్ల ఫుల్‌వేవ్ సర్క్యూట్‌లో ఆగి ఉన్న డయోడ్ మీద రెండు సగాల పీక్ కలిసి, 17 కు 17, మొత్తం 34 వోల్టులు పడతాయి. లోడ్ లేనప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ రాసిన దానికంటే ఎక్కువే ఇస్తుంది. లైన్ వోల్టేజీ కూడా కాస్త పెరిగిందంటే 40 దాటడం ఎంతసేపు? ఇక్కడా 4007 మేలు.

రిలే ఆఫ్ అయినప్పుడు కాయిల్‌లో పుట్టే వోల్టేజీ దెబ్బను ఆపడానికి, కాయిల్‌కు అడ్డంగా వేయడానికి కూడా 4007 చాలు. అది ఆన్ కావడంలో ఆలస్యం ఉండదు, ఆగడంలోనే ఆలస్యం. రిలే సెకనుకు వేలసార్లు కొట్టుకోదు కాబట్టి ఆ ఆలస్యంతో ఇబ్బంది లేదు. గీత ఉన్న కొస పాజిటివ్ వైపు ఉండాలి. పీడబ్ల్యూఎంతో, అంటే కరెంటును చాలా వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ నడిపే మోటార్‌కైతే షాట్కీ వేయండి.

షాట్కీకి ఉన్న లోపం లీకేజీ, అంటే ఆగి ఉన్నప్పుడు కూడా కొంత కరెంటు వెనక్కి కారడం, అది వేడితో బాగా పెరుగుతుంది. సోలార్ ప్యానెల్ బ్లాకింగ్ డయోడ్‌గా వాడొద్దని కొందరు అనేది అందుకే. నేను ఒప్పుకోను. బ్యాటరీ నుంచి ప్యానెల్‌లోకి కరెంటు కారేది రాత్రిపూట, అప్పటికి డయోడ్ చల్లబడి ఉంటుంది. పగలు మిగిలే వోల్టేజీ ముందు ఆ నష్టం చాలా చిన్నది.

రెండూ నల్లగా, వెండి గీతతో ఒకేలా ఉంటాయి. అక్షరాలు చెరిగిపోతే మల్టీమీటర్‌ను డయోడ్ మోడ్‌లో పెట్టి, నల్ల ప్రోబ్ గీత వైపు, ఎర్రది రెండో వైపు ఆనించండి. మీటర్ పంపేది చాలా చిన్న కరెంటు కాబట్టి అంకెలు పైన చెప్పిన వాటికంటే తక్కువే వస్తాయి. 0.5, 0.6 మధ్య చూపిస్తే 4007. 0.2 దరిదాపుల్లో ఉంటే షాట్కీ.