‘బ్యాక్ టు మోనో’: ఏళ్ల తరబడి విన్నాక

ముందే చెప్పేస్తాను, ‘బ్యాక్ టు మోనో’ అనే ఈ పాత అమెరికన్ పాటల సీడీల సెట్‌ని ఖరీదైన హెడ్‌ఫోన్స్‌లో వినకండి. వంటింట్లో పెట్టుకునే చిన్న బ్లూటూత్ స్పీకరు, పాత కారులోని రేడియో, ఇవి చాలు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే గిటార్లు, డ్రమ్స్, గొంతులు అన్నీ నడినెత్తిన కుప్పపోసినట్టు ఉంటాయి. నాలుగు పాటలు అయ్యేసరికి తల బరువెక్కుతుంది. అదే పాట పొయ్యి పక్కన చిన్న స్పీకర్లో పెట్టి చూడండి, పోపు చిటపటలను దాటుకుని మరీ వినిపిస్తుంది.

సంగతేమిటంటే, ఈ పాటలు తయారైందే అలాంటి స్పీకర్ల కోసం. 1960ల మొదట్లో అమెరికా కుర్రకారు పాట విన్నది ట్రాన్సిస్టర్లోనూ, కారులోని ఏఎం రేడియోలోనూ, ఇంట్లో 45 ఆర్‌పీఎం చిన్న రికార్డు మీదా. వాటన్నిటికీ ఉన్నది ఒక్కటే చానల్, మోనో అంటే అదే. బీచ్ బాయ్స్ అనే అమెరికన్ బ్యాండ్‌కి చెందిన బ్రయన్ విల్సన్ ఈ సెట్‌లోని ‘బీ మై బేబీ’ పాటని మొదటిసారి కారు రేడియోలోనే విన్నాడు. విని, కారు పక్కకి తీసి ఆపేశానని తనే చెప్పుకున్నాడు.

1991లో వచ్చిన నాలుగు సీడీల పెట్టె ఇది. ఫిల్ స్పెక్టర్ అనే ప్రొడ్యూసర్ 1958 నుంచి 1969 దాకా చేయించిన రికార్డింగులు ఇందులో ఉన్నాయి. ఎల్పీ సైజు అట్టపెట్టె, లోపల ఓ పుస్తకం, చొక్కాకి తగిలించుకునే గుండ్రటి బ్యాడ్జి. న్యూజెర్సీలో ఓ పాత రికార్డుల షాపులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను కాబట్టి నా పెట్టెలో బ్యాడ్జి లేదు. అమ్మినవాళ్లు అదొక్కటీ ఉంచేసుకున్నట్టున్నారు, తప్పు పట్టను.

మొదటి సీడీలో సగం దాకా ఓపిక పట్టాలి. అక్కడ ఎక్కువగా మగగొంతులే, నెమ్మది పాటలే. ‘ద క్రిస్టల్స్’ అనే అమ్మాయిల గ్రూపు వచ్చాక పెట్టెకి ప్రాణం వస్తుంది. ఆ గ్రూపు పాటల్లో ఒకటి మాత్రం, ‘హీ హిట్ మీ’, నేను పూర్తిగా విని చాలా కాలమైంది. కొట్టడాన్ని ప్రేమగా చెప్పుకునే పాట. 1962లోనే జనం ఛీకొడితే వెనక్కి తీసుకున్నారు. అది రాగానే నా చెయ్యి నెక్స్ట్ బటన్ మీదకి పోతుంది.

అదే ఏడాది నవంబరులో ‘హీజ్ ఎ రెబెల్’ అమెరికాలో నంబర్ వన్ అయింది. రికార్డు మీద పేరు క్రిస్టల్స్‌దే. ఆ అమ్మాయిలు మాత్రం అందులో పాడలేదు. వాళ్లు అమెరికా తూర్పు వైపు ఉంటే స్పెక్టర్ లాస్ ఏంజెలెస్‌లో ఉన్నాడు. ఇదే పాట ఇంకో గాయనితో ఇంకో కంపెనీ వాళ్లు తెస్తున్నారని టెన్షన్. ఆగే టైమ్ లేక అక్కడే దొరికిన ‘ద బ్లాసమ్స్’ అనే స్టూడియో గాయనులతో పాడించి విడుదల చేసేశాడు. ముందున్న గొంతు డార్లీన్ లవ్‌ది. తాము పాడని పాటని స్టేజీ మీద పాడాల్సిన పని క్రిస్టల్స్ నెత్తిన పడింది.

మనం నేపథ్యగానం వింటూ పెరిగినవాళ్లం. తెర మీద ఒకరు, గొంతు ఇంకొకరిది అంటే మనకేం వింత కాదు. కానీ మన గ్రామఫోన్ రికార్డు మీద పి.సుశీల అని ఉంటే పాడింది సుశీలే. ఇక్కడ రికార్డే అబద్ధం చెప్పింది. అది తెలిశాక నా వినడమే మారిపోయింది. ఇప్పుడు ఈ పెట్టెలో ఏ పాట మొదలైనా ముందు ఎవరి గొంతో పట్టుకోవాలనిపిస్తుంది. డార్లీన్‌ది చర్చిలో పెరిగిన గొంతు, నిబ్బరంగా నిలబడి పాడుతుంది. ‘ద డూ రాన్ రాన్’లో వినిపించేది నిజంగానే క్రిస్టల్స్ అమ్మాయి లాలా బ్రూక్స్, సన్నగా, చురుగ్గా, మాట మీద మాట పడేలా. ఒకసారి చెవికి ఎక్కితే ఈ ఇద్దరినీ కలిపేయడం కుదరదు.

రెండో సీడీ కోసమే ఈ పెట్టె కొనొచ్చు. ‘బీ మై బేబీ’ (1963) మొదట్లో వినండి. పెద్ద డ్రమ్ము మీద మూడు దెబ్బలు, దమ్, ద-దమ్, ఆ వెంటనే స్నేర్ అనే చిన్న డ్రమ్ము మీద ఛట్‌మని ఒకటి. వాయించింది హాల్ బ్లెయిన్. తర్వాత గిటార్లు, పియానోలు, చిడతల్లాంటి కాస్టనెట్లు అన్నీ ఒక్కసారిగా దిగుతాయి. ఏది ఏదో విడదీయలేం. హాలీవుడ్‌లోని గోల్డ్ స్టార్ స్టూడియోలో ఒకే రకం వాయిద్యాలు రెండేసి, మూడేసి పెట్టి ఒకే వరస వాయించేవారు. ఆ ధ్వనిని సిమెంటు గోడల గదిలో ఉన్న స్పీకరుకి పంపి, అక్కడి ప్రతిధ్వనిని మైకుతో పట్టి మళ్లీ పాటలో కలిపేవారు. ఇంత హోరు మీద గాయని రానీ గొంతు కొంచెం వణుకుతూ, ఏ మాత్రం తగ్గకుండా వస్తుంది. పాట చివరికొస్తుండగా అంతా ఆగి మళ్లీ ఆ డ్రమ్స్ ఒక్కటే వినిపించే చోటు ఉంది. ఎన్నిసార్లు విన్నా అక్కడ గరిటె ఆపుతాను.

రికార్డు మీద పేరు ‘ద రోనెట్స్’. అంటే వెరోనికా బెన్నెట్, అక్క ఎస్టెల్, కజిన్ నెడ్రా టాలీ, న్యూయార్క్ అమ్మాయిలు. ఈ పాటలో మాత్రం ముగ్గురిలో వినిపించేది వెరోనికా ఒక్కతే. ఆమే తర్వాత రానీ స్పెక్టర్ అయింది. వెనక కోరస్‌లో ఉన్నవాళ్లలో అప్పటికి ఎవరికీ తెలియని గాయని షేర్ కూడా ఉంది.

ఇక నాకు మింగుడుపడనిది పెట్టె మీది పేరు. పెద్ద అక్షరాల్లో ఉన్నది స్పెక్టర్, గాయనులు లోపలెక్కడో. రోనెట్స్‌కి ముగ్గురికీ కలిపి ముట్టింది సుమారు 15 వేల డాలర్ల అడ్వాన్స్. ఆ తర్వాత రాయల్టీ లేదు. 1980ల చివర్లో కేసు వేశారు. 2002లో న్యూయార్క్ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం రికార్డుల అమ్మకాల మీద వాళ్లకి రాయల్టీ రావాలంది, కానీ సినిమాలకీ ప్రకటనలకీ పాటని ఇచ్చుకునే హక్కు ఒప్పందం ప్రకారం స్పెక్టర్‌దేనని తేల్చింది. 2003లో లానా క్లార్క్‌సన్ అనే నటి అతని ఇంట్లో తుపాకీ గుండుకి చనిపోయింది. 2009లో అతనికి హత్యానేరం కింద శిక్ష పడింది, 2021లో జైలు శిక్ష అనుభవిస్తూనే పోయాడు. మరుసటి ఏడాది రానీ పోయింది. అతని కోసం ఈ పాటలు మానెయ్యమనేవాళ్లు ఉన్నారు. నేను మానలేదు. మానేస్తే పోయేది ముందు రానీ గొంతు, డార్లీన్ గొంతు.

మూడో సీడీలో గర్ల్ గ్రూపులు పలచబడతాయి, నేను తక్కువ వింటాను. నాలుగోది 1963 నాటి క్రిస్మస్ ఆల్బమ్. కెనెడీ హత్య జరిగిన నవంబరు 22నే బయటికొచ్చి, పాపం, అప్పుడు నడవలేదు. ఇప్పుడు డిసెంబరులో అమెరికాలో ఏ షాపులోకి వెళ్లినా ఇందులోంచి ఏదో ఒకటి మోగుతూనే ఉంటుంది. డార్లీన్ ‘క్రిస్మస్’ పాట చివర గొంతు పూర్తిగా విప్పే చోటు కోసం నేను జూలైలో కూడా పెట్టుకుంటాను. ఇంట్లోవాళ్లు నవ్వుకుంటారు.

పెట్టె దొరక్కపోతే స్ట్రీమింగ్‌లో వినొచ్చు, కానీ చూసుకుని వినండి. నేను వాడే యాప్‌లో ఈ తరం గ్రూపుల పేర్లు కొడితే దశాబ్దాల తర్వాత మళ్లీ పాడిన రికార్డింగులు కూడా అవే ఫొటోలతో వస్తాయి. డ్రమ్స్ మరీ శుభ్రంగా, ఒక్కో వాయిద్యం విడివిడిగా వినిపిస్తే అనుమానించండి.

ఇంకో మాట. ఇది ఒక్క ప్రొడ్యూసర్ పెట్టె, గర్ల్ గ్రూపుల కథంతా ఇందులో లేదు. 1961 జనవరిలో నంబర్ వన్‌కి చేరిన మొదటి నల్లజాతి అమ్మాయిల గ్రూపు ‘ద షిరెల్స్’ ఇందులో లేరు. వాళ్లది మా న్యూజెర్సీలోని పసైక్. డెట్రాయిట్‌లోని మోటౌన్ రికార్డు కంపెనీకి అమెరికా పాటల చార్టు హాట్ 100లో మొదటి నంబర్ వన్ తెచ్చిన ‘ద మార్వలెట్స్’ లేరు, 1964 నుంచి వరసగా ఐదు నంబర్ వన్‌లు కొట్టిన ‘ద సుప్రీమ్స్’ లేరు. న్యూయార్క్‌లోని క్వీన్స్ నుంచి వచ్చిన ‘ద షాంగ్రిలాస్’ కూడా లేరు. మొదటిసారి వినేవాళ్లయితే షిరెల్స్ సంకలనం ఒకటి, సుప్రీమ్స్ సంకలనం ఒకటి ముందు కొనుక్కోండి, రెండూ కలిపినా ఈ పెట్టె కంటే చవకే. అవి వంటపట్టాక దీనికి రండి. వచ్చాక మాత్రం రెండో సీడీతోనే మొదలుపెట్టండి.